సున్నా చుట్టిన పాటలు

ఊళ్ళో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఎదురుగా అనేవాళ్ళు గౌరవంతో అంటారు, చాటుగా అనేవాళ్ళు ఒళ్ళుమండి అంటారు. పియానోలకు శ్రుతి సరిచేయడం ఆయన పని. అరవై రెండేళ్ళ సన్నటి మనిషి. భుజాన తోలు సంచీ, అందులో తీగలు బిగించే మర, రెండు శ్రుతి కడ్డీలు, పక్క తీగలు మోగకుండా మధ్యలో దూర్చే నాలుగు ఉన్ని పట్టీలు. ఏ ఇంటి గుమ్మంలోకైనా ఆ సంచీ కన్నా ముందు ఆయన మొహం వస్తుంది. పాలు విరిగిన గిన్నెలోకి తొంగి చూసినప్పుడు మనం పెట్టే మొహం ఒకటి ఉంటుంది కదా, ఆయనకు అది పుట్టినప్పటి నుంచీ ఉంది.

ఆయనకు గిట్టనివి చెప్పడం మొదలుపెడితే మనకు పొద్దు చాలదు. బస్సు హారన్ గిట్టదు, అది రెండు స్వరాల మధ్య ఇరుక్కుని ఏడుస్తుందట. పక్కింటి తలుపు గంట గిట్టదు. లిఫ్టులో వచ్చే సంగీతం వింటే కడుపులో తిప్పుతుందని ఐదంతస్తులైనా మెట్లెక్కే వెళ్తాడు. వయసులో ఉండగా రెండు సంబంధాలు చూసుకున్నాడు. ఒకమ్మాయి ముక్కుతో మాట్లాడుతోందన్నాడు. రెండో అమ్మాయి అన్నీ బాగున్నాయి గానీ నవ్వేటప్పుడు శ్రుతి కిందికి దిగుతోందన్నాడు. ఆ అమ్మాయిలిద్దరూ బతికిపోయారు.

ఇన్నిటిని ఈసడించుకునే మనిషి తలవంచేది ఒక్కరికే, అక్కకు. ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటికి అక్కకు పదిహేడు. ఆ పదిహేడేళ్ళ పిల్ల గుండీల ఫ్యాక్టరీలో చేరి తమ్ముణ్ణి పెంచింది. బళ్ళో పాఠం చెవికెక్కని ఈ పిల్లాడికి వీధి చివరి పియానో మాత్రం ఎలా ఎక్కిందో ఆవిడే కనిపెట్టి, ఒక ముసలి శ్రుతి మనిషి దగ్గర పనికి పెట్టింది. తను పెళ్ళి చేసుకుంది, బావ పోయాక మళ్ళీ తమ్ముడి దగ్గరికే వచ్చింది. ఇప్పుడు డెబ్బై ఏళ్ళు. రెండు గదులు, ఒక వంటగది, వంటగదిలో ఒక పాత పియానో. పియానో వంటగదిలో ఎందుకుందంటే అది ఇంకే గుమ్మంలోనూ పట్టలేదు.

అక్క ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర నిలబడింది. పని మానేసి ఇరవై ఏళ్ళు దాటినా ఆ అలవాట్లు పోలేదు. కడిగిన చెంచాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి చూస్తుంది. బఠాణీలను బల్ల మీద పరిచి వేలితో అయిదయిదుగా లాగుతుంది. గిన్నెలో కూర వాసన వస్తే మూత మీద చాక్‌పీసుతో సున్నా చుడుతుంది, తమ్ముడు దాన్ని పారబోసి కడగాలి. చొక్కా కొనుక్కుని వస్తే రంగు చూడదు, గుండీలు చూసి పెదవి విరుస్తుంది. ఇద్దరికీ ఆ ఒక్క విషయంలో బాగా కుదిరింది, లోకంలో పనికిరానివాటిని ఏరడంలో.

గుండీలు కొట్టే మరల మోతకు అక్క ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇన్నాళ్ళూ కుడి చెవితోనే నెట్టుకొచ్చింది. సాయంత్రాలు మేస్త్రి పియానో వాయిస్తే అక్క కుడిపక్క తిప్పి కూర్చుంటుంది. వాయించడం అయ్యాక ఆయన తల తిప్పి, “ఎలా ఉంది?” అంటాడు. “బాగుంది,” అంటుంది అక్క. పెద్ద పెద్ద హాళ్ళలో మనుషులు లేచి నిలబడి చప్పట్లు కొట్టినా ఆయన లెక్కచేయడు. అక్క బాగుందంటేనే ఆ పియానోకు మూత వేస్తాడు. “ఈ ఊళ్ళో చెవులున్నది ఇద్దరికే. నాకూ, మా అక్కకీ. ఆవిడది ఒక్క చెవే అయినా మీ అందరివీ కలిపిన దానికన్నా నయం,” అని ఎవరికి చెప్పాలో వాళ్ళకూ, చెప్పకూడని వాళ్ళకూ చెప్పేవాడు.

ఇప్పుడు ఆ ఒక్క చెవి వెనక గడ్డ లేచింది. గురువారం డాక్టరు పరీక్షలన్నీ చూసి, తీయకపోతే ప్రాణం మీదికి వస్తుందన్నాడు. సోమవారం ఆపరేషన్. “చెవి నిలుస్తుందాండీ?” అని మేస్త్రి అడిగితే డాక్టరు కలం మూత తీసి, పెట్టి, తీసి, “దాని మీద ఆశ పెట్టుకోకండి,” అన్నాడు. ఆ కలం మూత టిక్కుటిక్కు మేస్త్రికి ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది.

ఆస్పత్రి మెట్ల మీద అక్క కోటు గుండీలు పెట్టుకుంటూ, “శనివారం నీ పాటల సంతకి నేనూ వస్తాన్రా,” అంది.

“ఎక్కడికీ?” అన్నాడు మేస్త్రి, విననట్టు.

“పంతొమ్మిదేళ్ళుగా నువ్వు తిట్టుకుంటూ వెళ్ళొస్తున్నావుగా, అక్కడికి. ఒక్కసారైనా చూడొద్దూ? వినపడుతుండగానే చూస్తాను.”

ఊరి బయట పాత గుర్రప్పందేల మైదానంలో ఏటా ఒక శనివారం సంగీతోత్సవం జరుగుతుంది. అయిదు వేదికలు, ఇరవై బృందాలు, అన్నీ ఒకేసారి. మేస్త్రి వేకువనే వెళ్ళి అక్కడి పియానోలకు శ్రుతి చేసి, మధ్యాహ్నం జనం లోపలికి రాగానే ముక్కు మూసుకుని బయటికి వచ్చేస్తాడు. ఏటా రెండు ఉచిత పాసులు ఇస్తారు. వంటగది బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద ఇప్పటికి ముప్ఫై ఆరు పాసులు మడత పెట్టి ఉన్నాయి. ఈ ఏటివి మాత్రం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

ఆయనకు అక్కడ ఏది అసహ్యమని అడగకండి. వాన కురిస్తే బురద, కురవకపోతే దుమ్ము. కాళ్ళ కింద నలిగే ప్లాస్టిక్ గ్లాసులు. మునివేళ్ళ మీద నిలబడి తల పైకి ఫోను ఎత్తి, ఎదురుగా పాడుతున్న మనిషిని చిన్న అద్దంలో చూసుకునే జనం. అన్నిటి కన్నా రోత, ఒక వేదిక పాట ఇంకో వేదిక పాట మీద పడి దొర్లడం. “ఒకే పళ్ళెంలో అయిదుగురు తిని చేతులు కడిగితే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది,” అనేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం కార్యక్రమాల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అయిదు నిలువు గళ్ళు: పెద్ద వేదిక, తెల్ల డేరా, గాజు గది, గోదాము, లారీ వేదిక. పన్నెండు నుంచి ఏడు దాకా ఇరవై పేర్లు. పెన్సిలు చెక్కుకున్నాడు. ఒక్కో పేరు చదవడం, ఒక్కో తిట్టు తిట్టడం.

“పిచ్చికుక్కల సమాజం. పేరులోనే చెప్పేశారు, మనకి శ్రమ లేకుండా. తడిసిన గొర్రెలు. ఇదేమిటి, ఇనుప పీపాలు? పన్నెండు మంది నూనె పీపాలని కర్రలతో కొడతారట. దీనికి రావడమెందుకు, తుక్కు దుకాణం ముందు నిలబడితే పోలా? అదీ నాలుగింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి. ఒకసారికి ఎవరూ చావకపోతే రెండోసారికి చస్తారని కాబోలు.”

అక్క అటు తిరిగి పొయ్యి మీద గుడ్లు ఉడకబెడుతోంది. వినపడిందో లేదో ఆయన చూసుకోలేదు. ఆయన ధ్యాసంతా కాగితం మీదే. పైకి తిడుతున్నాడు గానీ లోపల బెదిరిపోయి ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. రేపు సాయంత్రానికి ఆ చెవిలో పడేదే ఆఖరిది కావచ్చు. ఆ తరవాత ఇరవై ఏళ్ళు బతికినా, వాటితోనే బతకాలి. చెవిలోకి ఏం పంపాలో ఎంచేది ఊళ్ళో ఇంకెవరు, తను కాకపోతే? తప్పు ఎంచితే దిద్దుకోవడానికి వచ్చే ఏడాది లేదు.

మూడు గంటలు పట్టింది. ఇరవైలో అయిదు తేల్చాడు. పన్నెండింటికి గాజు గదిలో వయొలిన్ అక్కచెల్లెళ్ళు. ఒకటిన్నరకు తెల్ల డేరాలో ఫ్లూటు. మూడింటికి మళ్ళీ గాజు గదిలో హార్ప్. నాలుగున్నరకు డేరాలో ఏ వాద్యమూ లేకుండా పాడే సన్నగొంతు అమ్మాయి. ఆరింటికి అన్నిటికీ పైన, గాజు గదిలో పియానో పెద్దాయన. ఆ పెద్దాయన ఈ ఊరికి రావడం ఇదే మొదలు. వస్తాడని మేస్త్రి పంతొమ్మిదేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు. తను బిగించిన తీగల మీద ఆ వేళ్ళు పడతాయి, అక్క పక్కన కూర్చుని వింటుంది. ఇంక చాలు అనిపించింది ఆయనకు.

పని పుస్తకంలో ఆయనకు ఒక పద్ధతి ఉంది. చెయ్యి పడాల్సిన తీగ దగ్గర సున్నా చుట్టుకుంటాడు. సున్నా ఉన్న చోటికి వెళ్ళాలి, లేని చోట పని లేదు. నలభై ఏళ్ళ చెయ్యి దానంతట అదే తిరిగింది. అయిదు పేర్ల చుట్టూ అయిదు గుండ్రటి సున్నాలు చుట్టి, కాగితం అక్కకు ఇచ్చాడు.

“గుర్తులు పెట్టాను చూసుకో. నేను పొద్దున్నే పోతాను. నువ్వు పదకొండింటి బస్సుకి రా. నేను మధ్యమధ్యలో వచ్చి నీ పక్కన కూర్చుంటాను.”

అక్క కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. చివర్లో ఆరింటి గడి దగ్గర వేలు ఆగింది. తరవాత తమ్ముడి వంక చూసి, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు అరచెయ్యి నుదుటి మీద పెట్టింది.

“ఇంత కనిపెట్టి చేశావుట్రా?” అంది. గొంతు తడిగా ఉంది.

“మరి ఎవరు చేస్తారు?” అన్నాడు మేస్త్రి, గర్వంగా. అక్క తన అభిరుచికే కరిగిపోయిందనుకున్నాడు పాపం.

శనివారం పన్నెండుకు అయిదు నిమిషాలు ఉండగా గాజు గదిలో రెండో వరసలో రెండు కుర్చీలు పట్టాడు. ఒకదాని మీద తను, ఒకదాని మీద తోలు సంచీ. వయొలిన్లు మొదలయ్యాయి, అయిపోయాయి. అక్క రాలేదు. బస్సు తప్పిపోయిందేమో అనుకున్నాడు. ఒకటిన్నరకు డేరాలో మళ్ళీ రెండు కుర్చీలు. పక్కన ఒకాయన కాగితం పొట్లంలోంచి వేయించినవేవో తీసి నములుతున్నాడు, ఫ్లూటు ఆగిన ప్రతి చోటా పొట్లం గరగర. మేస్త్రి ఆ పొట్లం వంకా, గుమ్మం వంకా మార్చి మార్చి చూశాడు. అక్క రాలేదు. ఆ ఫ్లూటు ఎలా వాయించారో తరవాత అడిగితే ఆయన చెప్పలేకపోయాడు.

ఇంక కూర్చోలేకపోయాడు. ఫోను చేద్దామంటే అక్క ఫోను ఇంట్లోనే ఉంటుంది. మోగితే వినపడనిదాన్ని మోసుకు తిరగడం దేనికంటుంది. సంచీ భుజాన వేసుకుని వెతకడానికి బయలుదేరాడు.

రాత్రి కురిసిన వానకు మైదానం అంతా చిత్తడి. అడుగు వేస్తే బూటు పీల్చుకుంటోంది, ఎత్తితే చప్పుడు చేస్తోంది, ఆ చప్పుడు కూడా ఆయనకు నచ్చలేదు. మరుగుదొడ్ల వరస ముందు నిలబడి అక్క ఎర్ర కోటు కోసం ఒక్కో తలుపూ తెరుచుకునేదాకా చూశాడు. ఆ వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే చోట నిలబడి ఒక అమ్మాయీ అబ్బాయీ ఒకే గిన్నెలోంచి నూడుల్స్ తింటున్నారు, నవ్వుతూ. లోకం మీద ఆయనకు మిగిలిన కాస్త గౌరవమూ అక్కడే పోయింది.

పెద్ద వేదిక మీద పిచ్చికుక్కల సమాజం మొదలయింది. పాడేవాడు చొక్కా విప్పి, సీసాడు నీళ్ళు నెత్తిన పోసుకుని, తల విదిలించాడు. ముందు వరస వాళ్ళు ఆ నీళ్ళు మీద పడినందుకు కేకలు పెట్టారు, సంతోషంతో. ఛీ అన్నాడు మేస్త్రి. పైకే అన్నాడు, ఎవరికీ వినపడలేదు. ఇక్కడ అక్క ఉండే ప్రసక్తే లేదని అటు చూడకుండానే దాటిపోయాడు.

చికిత్స గుడారంలో నర్సు కాగితం తీసుకుంది. “ఎలా ఉంటారండీ?”

“ఎర్ర కోటు. డెబ్బై ఏళ్ళు. ఎడమ చెవి వినపడదు.”

“మైకులో పిలిపించమంటారా?”

“వద్దు,” అన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఆయనకే తెలియలేదు. పిలిచినా పలకకపోతే ఏమవుతుందోనని భయం వేసింది.

మూడయింది. హార్ప్ మొదలయ్యే వేళకు మళ్ళీ గాజు గదికి పరిగెత్తాడు, లేదు. సోమవారం కోసం దాచుకున్న భయం అంతా శనివారమే వచ్చి మీద పడింది. చివరి రోజు అనుకుని, చివరివి అనుకుని, మూడు గంటలు కూర్చుని ఏరినవన్నీ ఒక్కొక్కటే వృథా అవుతున్నాయి. ఎక్కడో బురదలో కూలబడిందో ఏమో. నాలుగు దాటాక గోదాము గేటు దగ్గర చీటీలు చింపే మనిషిని అడిగితే, ఆయన బొటనవేలు వెనక్కి చూపించాడు.

“ఎర్ర కోటు పెద్దమ్మగారా? లోపలే ఉన్నారు. ముందు వరసలో, డబ్బా పక్కన. మా కుర్రాళ్ళకన్నా ఆవిడే నయం, మొదటి దెబ్బ నుంచీ కదల్లేదు.”

గోదాము లోపల ఇనుప పీపాల మోత. అడుగుపెట్టగానే మేస్త్రికి చెవుల్లో కాదు, పళ్ళల్లో నొప్పి పుట్టింది. పన్నెండు మంది చెమటలు కక్కుకుంటూ బాదుతున్నారు. చెమట వాసన, తుప్పు వాసన, ఎవరో ఒలకబోసిన తియ్యటి పానీయం వాసన. పీపాలు ఒకదానికొకటి శ్రుతి కలవడం లేదు సరే, కలవాలని ఎవరూ అనుకున్నట్టు కూడా లేదు. ఆ గుంపును మోచేతులతో నెట్టుకుంటూ ముందుకు పోయేసరికి, మనిషంత ఎత్తు చెక్క స్పీకరు డబ్బా, దాని మీద రెండు అరచేతులూ ఆన్చి, కళ్ళు మూసుకుని అక్క. తల ఊగుతోంది. ఆవిడ మొహం అలా ఉండగా ఆయన ఎన్నడూ చూడలేదు. వంటగదిలో ఎప్పుడూ చూడలేదు.

మోత ఆగాక చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, గోడ పక్కన ఖాళీ పెట్టెల మీద కూర్చోబెట్టి, కుడి వైపు వంగి అరిచాడు. “ఎక్కడికి పోయావ్? పొద్దున్నుంచి మైదానం అంతా తిరిగాను! ప్రాణాలు పోయాయి నాకు!”

“నువ్వెక్కడికి పోయావురా?” అంది అక్క, ఆవిడా అరుస్తూనే. “పక్కన కూర్చుంటానన్నావు! ప్రతి చోటా నీకోసం నా సంచీ పెట్టి చోటు ఆపాను. అందరూ తిట్టారు నన్ను. నువ్వు గీసిన కాగితం ప్రకారమే కదా తిరిగాను!”

“కాగితం ప్రకారమా?”

“మరి? నువ్వు పారేసిన అయిదూ వదిలేసి, మిగతావాట్లో చూసుకున్నాను. ఆ కుక్కల వాళ్ళు ఎంత బాగా చేశారనుకున్నావ్! నా మీద నీళ్ళు కూడా పడ్డాయి.”

అక్క కోటు జేబులోంచి కాగితం తీసింది. నాలుగు మడతలు, అయిదు సున్నాలు. మేస్త్రికి ఆ క్షణాన కాగితం కనపడలేదు. వంటగదిలో గిన్నె మూత కనపడింది, దాని మీద తెల్లటి చాక్‌పీసు సున్నా కనపడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పగిలిన గుండీల పళ్ళేల మీద ఆ చెయ్యి చుట్టింది అదే. అది చుట్టిన పళ్ళెం నేరుగా కరిగించే గదికి పోయేది. వారానికి రెండుసార్లు ఆ గిన్నెలు కడిగేది తనే. అయినా తట్టలేదు.

నోరు తెరిచాడు, అసలు సంగతి చెప్పేద్దామని. అక్క ముందే అందుకుంది.

“నాకు వినపడనివన్నీ ఏరి పక్కన పడేశావు చూడు. వయొలిన్లు, ఫ్లూటు, హార్పు, ఆ పిల్ల సన్నగొంతు. అన్నీ పై స్వరాలవే. అదే పెద్దదనుకుంటే, నీ పియానోకి నువ్వే సున్నా చుట్టావు! అది చూసి నిన్న నాకు ఏడుపొచ్చింది. నా కోసం అదీ వదులుకున్నాడే అని.” కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. “ఇన్నేళ్ళూ దాచాననుకున్నాను. ఎప్పుడు కనిపెట్టావురా?”

మేస్త్రి ఆవిడ చేతిలోంచి కాగితం తీసుకుని మడిచాడు. “నువ్వు చెప్పు. ఎప్పటి నుంచీ?”

“ఆరేళ్ళు. ముందు పిచ్చుకలు పోయాయి. తరవాత కెటిల్ ఈల. నీ పియానోలో కుడివైపు సగం, ఎవరో చెక్క మీద గోటితో కొట్టినట్టు వస్తుంది, అంతే. టక్కు టక్కు. ఎడమవైపు కాస్త వినపడుతుంది. నీ చెయ్యి చూస్తూ ఉండేదాన్ని. చెయ్యి ఒళ్ళోకి దిగిందంటే అయిపోయిందన్నమాట. అప్పుడు బాగుంది అనేదాన్ని.” నవ్వింది. “ఒక్కోసారి నువ్వు చెమట తుడుచుకోడానికి చెయ్యి దించినా అనేశాను. నువ్వు గమనించలేదు.”

ఆరేళ్ళు. రోజూ సాయంత్రం. ఇంటి కప్పు కింద ఒక చెవి సగం చచ్చిపోతూ ఉంటే, ఊరందరి చెవుల్నీ తూచే పెద్దమనిషి దాని పక్కనే కూర్చుని తన వాయింపుకు తను మురిసిపోయాడు. అందరి శ్రుతీ పట్టుకున్నాడు, ఎవరి నవ్వు ఎంత దిగిందో చెప్పాడు, అక్క అబద్ధం మాత్రం ఆయన చెవిన పడలేదు. ఆ పొట్లం నమిలేవాడి మీద, నీళ్ళు పోసుకునేవాడి మీద, మరుగుదొడ్ల దగ్గర నూడుల్స్ తినేవాళ్ళ మీద పొద్దున్నుంచి పోగేసిన రోత అంతా తిరిగి వచ్చి ఆయన మీదే పడింది. ఇంత అసహ్యమైన మనిషిని ఈ మైదానంలో ఇంకొకణ్ణి చూడలేదనుకున్నాడు.

“నీకు తెలియదా, ఏమిటి?” అంది అక్క, మొహంలోకి చూస్తూ. నవ్వు ఆగింది.

“తెలియకేం?” అన్నాడు మేస్త్రి. “చెవి మేస్త్రిని కదా. నా దగ్గరా నీ దాపరికం?”

ఆ మాట ఆయన చెవికే అపశ్రుతిగా వినపడింది. అక్క మాత్రం తేలిగ్గా ఊపిరి వదిలి, తడిసిన జుట్టు వెనక్కి దువ్వుకుంది.

“సరే, ఆరింటికి నువ్వు వెళ్ళి నీ పెద్దాయన్ని విను. పంతొమ్మిదేళ్ళుగా కలవరిస్తున్నావు. నేను ఇక్కడ ఉంటాను, ఈ పీపాల వాళ్ళు మళ్ళీ ఉన్నారట. నా సంగతి చూసుకున్నావు, అది చాలు నాకు.”

అయిదుంపావుకు గాజు గదిలో ఆఖరి సవరింపు ఉంది. పని పనే. వెళ్ళాడు, మూడు తీగలు బిగించాడు, ఉన్ని పట్టీలు తీసి సంచీలో పెట్టాడు. పియానో పెద్దాయన వచ్చి నిలబడే నాలుగు స్వరాలు నొక్కి, మళ్ళీ నొక్కి, తల తిప్పాడు.

“ఈ మధ్య ఇంత శుభ్రమైన పియానో ముట్టుకోలేదండీ. మీకు మొదటి వరసలో కుర్చీ వేయించాను. ఉంటారుగా?”

ఆ నాలుగు స్వరాలూ ఇంకా గాజు పలకల మీద నిలిచే ఉన్నాయి. నలభై ఏళ్ళ పనికి ఒక మనిషి ఆశించేది ఇంతే. మేస్త్రి ఆ కుర్చీ వంక చూశాడు. ఎర్ర గుడ్డ కుర్చీ, పియానో మూతకు ఎదురుగా, వాయించేవాడి రెండు చేతులూ కనపడే చోట.

“వేరే చోట పనుందండీ,” అన్నాడు.

బురద దాటి సగం దూరం వచ్చేసరికి వెనక మొదలయింది. కుడివైపు తీగలు, పైవి, ఒక్కొక్కటే. ఒక్క మచ్చ లేదు. ఆయన ఆగలేదు. ఆగితే ఇంక కదలనని తెలుసు. గోదాము గుమ్మం దాటాక అదీ వినపడలేదు.

అక్క తన పక్కన డబ్బాకు కోటు తగిలించి చోటు ఆపి ఉంచింది. రాడనుకున్న మనిషికి చోటు ఎందుకు ఆపిందో ఆయన అడగలేదు. కోటు తీసి, ఆయన రెండు చేతులూ పట్టుకుని చెక్కకు ఆన్చింది. పీపాలు మొదలయ్యాయి. అరచేతుల్లోంచి మోచేతుల్లోకి, అక్కణ్ణించి దవడలోకి పాకింది. కట్టుడు పన్ను గడగడలాడింది. ఎవరి గ్లాసో ఒలికి బూటులోకి దిగింది. మూడో పీపా ఏడో పీపాకు పావు స్వరం కింద ఉంది, వాళ్ళెవరికీ సిగ్గు లేదు. ఇంత దరిద్రపు మోత ఆయన జన్మలో వినలేదు. చేతులు మాత్రం తీయలేదు.

పీపాలు రెండు దెబ్బల మధ్య ఊపిరి తీసుకున్నప్పుడు, అక్క కుడిపక్కకు తిరిగి ఆయన మొహంలోకి చూసింది. మెరిసిపోతోంది మనిషి.

“ఎలా ఉందిరా?” అంది.

మేస్త్రి పెదాలు బాగా తెరిచి, ఆవిడకు కనపడేలా, ఒక్కో అక్షరమే చెప్పాడు.

“బాగుంది.”